నమూనా ఎక్కడిది

పెద్ద కడాయిలో చెరుకు రసం పొంగుతోంది. గౌరీబాయి పొడుగాటి గరిటెతో మడ్డి తీసి పక్కకు కొడుతూనే ఉంది. పాకం దగ్గరపడే వేళ కడాయిని వదిలితే అడుగంటుతుంది. అడుగంటితే ఆ రోజు కూలి నాలుగు వందలూ దాంతోనే పోతాయి. అందుకే వెనక నుంచి యజమాని పిలిచినా ఆమె తిరగలేదు.

"గౌరీ! నిన్నే. గరిటె ఇంకెవరికైనా ఇచ్చి ఇట్రా."

శివప్రసాద్ అరిచే మనిషి కాడు. తాతల నాడు గోదావరి జిల్లా నుంచి వచ్చి వర్ని కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. కూలివాళ్లకు జ్వరమొస్తే తన బండి మీదే దవాఖానకు పంపుతాడు. అట్లాంటి మనిషి ముఖం మాడ్చుకుని నిలబడేసరికి ఆమె గరిటె పక్కామె చేతిలో పెట్టి వచ్చింది.

అతను ఫోన్ ముందుకు చాపాడు. ఫోటోలో ఒక బల్ల, బల్ల మీద సాసర్లలో మూడు బెల్లం ముద్దలు, వెనక రెండు జడలు బిగించి కట్టుకున్న తన కూతురు మంజుల.

"చదువు."

గౌరీబాయి ఏడో తరగతితోనే బడి మానేసింది. చార్టు మీది అక్షరాలు కూడబలుక్కుంది. 'బెల్లంలో రసాయనం ఉందా? మనమే తెలుసుకుందాం.' మూడో ముద్ద కింద చిన్న చీటీ: 'శివప్రసాద్ గారి బెల్లం బట్టీ, వర్ని రోడ్డు.'

"బాన్సువాడ సైన్స్ ఫెయిర్‌లో ఉందంట. మా బావమరిది కొడుకు పంపాడు. బెల్లం తెల్లబడ్డానికి మందు వేసేది నేనొక్కణ్ణేనా? నల్ల బెల్లం తీసుకెళ్తే షావుకారు క్వింటాకు ఆరొందలు కోస్తాడు. రేపు ఆఫీసర్లొచ్చి తాళం వేస్తే నాతోపాటు మీరూ పస్తే."

"చిన్నపోరి సారూ, తెల్వక..."

"తెలియక కాదు, తెలిసే రాసింది. మధ్యాహ్నం జడ్జిలు చూస్తారు. ఆలోపు ఆ ముద్దా ఆ చీటీ అక్కడ ఉండకూడదు. ఉన్నాయా, రేపట్నుంచి నువ్వూ నీ మొగుడూ పనికి రావక్కర్లేదు. ఇంతకీ నా బెల్లం దానికెవరిచ్చారు?"

గౌరీబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇచ్చింది తనే.

"యాడీ, ఫెయిర్‌కు బెల్లం గావాలె. చిన్న ముద్ద చాలు" అని మొన్న మంజుల అడిగింది. తండాలో వాళ్ల భాషలో అమ్మను యాడీ అంటారు. ఆ పిల్ల అడిగేవన్నీ అట్లాంటివే. పొయ్యిలో బూడిద, పగిలిన కళ్లద్దాలు, చచ్చిన బ్యాటరీలు. వాటితో ఏం చేసేదో తల్లికి అంతుపట్టేది కాదు. ఒకసారి పసుపు నీళ్లలో సబ్బు ముక్క వేసి ఎర్రగా మార్చి చూపించినప్పుడు మాత్రం గౌరీబాయి పొయ్యి మీది అన్నం సంగతి మరిచిపోయింది. "పెద్దగైనంక ల్యాబుల పని చేస్త" అంటుంది మంజుల, తండాలో మిగతా ఆడపిల్లలు పెళ్లి ముచ్చట్లు చెప్పుకుంటుంటే.

ఆఫీసర్లు వచ్చే చోట నల్ల ముద్ద పెడితే పిల్ల పరువేం కాను? గౌరీబాయి గంపంతా వెతికి, అన్నిటికన్నా తెల్లగా, బంగారంలా మెరిసే ముద్దను ఏరి మరీ ఇచ్చింది.

యజమాని బండి మీద మొగుడు దినేష్ ఆమెను ఎక్కించుకున్నాడు. పొయ్యిలో చెరుకు పిప్పి తోసీ తోసీ అతని కనుబొమల మీద బూడిద పేరుకుంది.

"సూడు నీ బిడ్డ సదువు! పంపుదాం పంపుదాం అని నా పానం దీసినవు."

"నా ఒక్కదాని బిడ్డేనా? క్లాసుల ఫస్టొచ్చిందని తండంత చాక్లెట్లు పంచిందెవలు?"

అతను బండి వేగం పెంచాడు. బడి గేటు దగ్గర బండి ఆపాక అన్నాడు. "పోరిని తిట్టకు. ముద్ద తెచ్చెయ్, గంతే. లేటైతే ఫోన్ జేస్త."

హాలు నిండా పిల్లలు. పాకం చుక్కలు పడి అట్టకట్టిన చీర కుచ్చిళ్లను చేత్తో కప్పుకుంటూ గౌరీబాయి ఒదిగి నడిచింది. మంజుల దూరం నుంచే చూసింది.

"యాడీ! నువ్వొచ్చినవా! ఇటు రా, ముందుగల్ల ఇది సూడు."

తల్లిని మాట్లాడనిస్తేగా. ఒక గాజు గొట్టంలో నల్ల బెల్లం నీళ్లు పోసి, రెండు చుక్కలు యాసిడ్ వేసి, దీపం మీద వెచ్చబెట్టింది. మూతి దగ్గర నారింజ రంగు కాగితం పట్టుకుంది. కాగితం మారలేదు. రెండోదానికీ మారలేదు. మూడో గొట్టం వేడెక్కింది.

రంగు కన్నా ముందు వాసన వచ్చింది. అగ్గిపుల్ల గీసినట్టు, ముక్కులో పొడిచినట్టు. పాకంలో తెల్ల పొడి చల్లిన ప్రతిసారీ ఆమెను దగ్గించే వాసన. ఇన్నాళ్లూ అది పొయ్యి పొగ అనుకుంది. కాగితం అంచు మెల్లగా ఆకుపచ్చ తిరిగింది.

"సల్ఫర్ డయాక్సైడ్ యాడీ! నువ్వు రోజూ పీల్చేది గిదే. నీ దగ్గు..." హుషారుగా చెప్తున్న పిల్ల తల్లి ముఖం చూసి ఆగిపోయింది. "బట్టీ సారు పంపిండా?"

"పేరెందుకు రాసినవే? ఉత్త బెల్లం అని రాస్తే అయిపోవు గద!"

"నమూనా ఎక్కడిదో రాయకుంటే అది ప్రయోగం గాదు, ఉత్త ముచ్చట అని మా సైన్స్ సాయిప్రసాద్ సార్ చెప్పిండు. ఎవలన్న మల్ల చేసి సూస్కోవాలె గద."

"రేపటి సంది ఇద్దర్ని పనికి రావొద్దంటుండు బిడ్డా."

మంజుల దీపం ఆర్పింది. చీటీని చిరగకుండా గోటితో లేపి, ముద్దతోపాటు తల్లి చేతిలో పెట్టింది.

"తీస్కపో. రెండింటితోనే జూపెడ్త."

ఆ గొంతు గౌరీబాయికి తెలుసు. ఏడో తరగతి పుస్తకాలు సార్‌కు తిరిగి ఇచ్చేస్తూ, "వేరే పిల్లలకు పనికొస్తయి సార్" అన్న రోజు తన గొంతూ అట్లాగే ఉంది. ఏడుపు లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

ఇంతలో జడ్జిగా వచ్చిన మేడమ్ బల్ల ముందు ఆగింది. ఆకుపచ్చ కాగితం ఎత్తి చూసింది. "ఇది బాగుందే! ఏ బెల్లానికి వచ్చింది?"

"మూడోదానికి మేడమ్."

"ఏది మూడోది?"

మంజుల తల దించుకుంది. "లేదు మేడమ్."

"లేనిదాని ఫలితం ఎట్లా రాసుకోవాలి తల్లీ?" మేడమ్ పెన్ను మూత పెట్టేసింది.

కొంగు చాటున గౌరీబాయి పిడికిట్లో ముద్ద చెమటకు కరుగుతోంది. నడుముకు దోపిన సంచిలో ఫోన్ మోగింది. దినేష్. వాకిలి రెండడుగుల దూరంలోనే ఉంది. ఒక అడుగు వేసింది కూడా.

మళ్లీ వెనక్కి వచ్చి ముద్దను ఖాళీ సాసర్లో పెట్టింది. "ఈడుంది మేడమ్."

"ఎక్కడిదమ్మా?"

"యాడీ, వద్దు" అంది మంజుల గుసగుసగా.

"వర్ని రోడ్డు మీద శివప్రసాద్ సారు బట్టీది. తెచ్చింది నేనే." సాసర్ మేడమ్ వైపు జరిపింది. "ఆ పొడి పోసేది గూడ నేనే."

మేడమ్ పెన్ను మూత మళ్లీ తీసింది.

ఫోన్ ఆగి మళ్లీ మొదలైంది. గౌరీబాయి చీటీని దాని చోట పెట్టి బొటనవేలితో ఒత్తింది. వేలికున్న బెల్లం జిగటకు అది బల్లకు అతుక్కుపోయింది.

"ఇంకోసారి చెయ్ బిడ్డా" అంది. "మేడమ్ సూడలే."

మంజుల అగ్గిపుల్ల గీసింది. అది ఆరిపోయింది. ఇంకొకటి తీసింది. గేటు దగ్గర బండి హారన్ ఆగకుండా మోగుతోంది.