జైబున్నీసమ్మ అడిగిన ప్రశ్నలు

కాలేజీ డాక్యుమెంటరీ కోసం, ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టే జైబున్నీసమ్మ కథ తీద్దామని ఫోను పట్టుకుని వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆమె అందుకుంది.

“ఎవురి బిడ్డవు? మీ యమ్మ పేరేంది? ఆమెది యా ఊరు?”

పెద్దామె అడిగితే చెప్పకుండా ఎలా? అన్నిటికీ జవాబిచ్చాను. ఇంటికొచ్చి చూసుకుంటే వీడియో నిండా నా సోదే! ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మళ్లీ వెళ్లి, “ఈ పొద్దు నువ్వే చెప్పల్ల అవ్వా. నన్నేం అడగొద్దు!” అని గట్టిగా అన్నాను.

ఆమె మెడలో వేలాడే టేపు తీసి, తీరిగ్గా నా భుజాలు కొలిచింది.

“జమ్మలమడుగు సుకన్య బిడ్డవే. భుజాలూ ఆమెవే, కోపమూ ఆమెదే. పెండ్లి జాకెట్టు బిగుతైందని మీ యమ్మ ఈడికొచ్చి నాతో ఎంత కొట్లాడిందో చెప్తా, వీడియో తీసుకో.”