మా కోడలి కూనిరాగం

మా ఇంట్లో మగవాళ్ళ చెవులు మంచివి కావు. వినపడక కాదు, మరీ వినపడి.

మా ఆయన పియానోలకు శ్రుతి సరిచేసేవాడు. ఆయన పోయాక ఆ పనిముట్ల సంచీ, ఆ చెవులూ రెండూ మావాడికి వచ్చాయి. బళ్ళలో, హోటళ్ళలో, డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో ఎక్కడ పియానో తీగ వదులైనా వీడికే కబురు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఇంట్లోనే చావు. గ్లాసులో చెంచా తిప్పితే ముఖం చిట్లిస్తాడు. నేను తలుపు తీసినప్పుడల్లా "అమ్మా, కీలుకు నూనె" అంటాడు. నా మోకాళ్ళ చప్పుడు కూడా వాడికి వినపడుతుందేమోనని నా అనుమానం.

అలాంటివాడి ఇంట్లో అడుగుపెట్టింది మా కోడలు. మా వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని. నోరు మూతపడదు. మాటైనా ఉండాలి, పాటైనా ఉండాలి. అక్కడివాళ్ళు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. ఆ మాట పెళ్ళయ్యాక తెలిసింది నాకు. "ఇక చూసుకోండి నా సామిరంగా" అనుకుని గోడకు చేరగిలబడి కూర్చున్నాను.

నిజం చెప్పాలంటే, కొత్త జంటను చూస్తూ కూర్చోవడమంత కాలక్షేపం మరొకటి లేదు. వాడికి పల్చటి టీ కావాలి, ఆమెకు నల్లగా మరగాలి. రెండు గిన్నెలు ఎక్కడ తోముతామని, ముందు వాడి కప్పు వంచేసి, మిగిలింది తనకోసం పొయ్యి మీదే వదిలేసేది. వాడు తువ్వాలు ఉండచుట్టి మంచం మీద పడేస్తే, ఆమె లాండ్రీ మడత వేసి కొక్కేనికి తగిలించేది. కొన్నాళ్ళకు వాడే మడత పెట్టడం మొదలుపెట్టాడు, వంకరగా. ఆమె ఆ వంకర మడతను అలాగే ఉంచేది. నేను చూశాను, చెయ్యి అటు పోబోయి ఆగింది. ఎంత ఓర్పు కావాలో ఇస్త్రీ చేసేవాళ్ళనడగండి.

కిటికీ పక్క నాదంటే నాదని పేచీ పడ్డారు. వాడు ఆమెకే వదిలేశాడు. తెల్లారి ఎండ ముఖాన పడుతోందని ఆమె వాడి పక్కకు జరిగేది, వాడు జరిగి జరిగి నేల మీదకు వచ్చేవాడు. పొద్దున్నే ఇద్దరూ ఒకే అద్దం ముందు మోచేతులతో తోసుకుంటూ పళ్ళు తోముకునేవారు. ఆ నురగ నోళ్ళతో ఏం మాట్లాడుకునేవారో, ఎందుకు నవ్వేవారో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం కడుపు నిండిపోయేది.

సాయంత్రం పని నుంచి వచ్చి వంటింట్లో మా పాత ఫ్రిజ్ పక్కన నిలబడి కూరగాయలు తరుగుతూ పాడేది. గొప్ప గొంతని అనను. కానీ దాపరికం లేని గొంతు. ఆ పాట వింటూ నేను బియ్యంలో రాళ్ళు ఏరితే రాళ్ళు కూడా ముద్దొచ్చేవి.

ముందుగదిలో ఒక ముసలి పియానో ఉంది. ఏదో బడిలో పక్కన పడేస్తే మావాడు తెచ్చుకుని, తీరికున్నప్పుడల్లా బాగుచేసుకుంటున్నాడు. ఒక సాయంత్రం దానిమీద ఏదో వరుస వాయిస్తున్నాడు. వంటింట్లోంచి కోడలు ఆ వరుస అందుకుంది. వాడు ఆగాడు. లేచి వెళ్ళి వంటింటి తలుపు నెమ్మదిగా దగ్గరికి వేశాడు. ఆ నెమ్మదికే నాకు ఒళ్ళు మండింది. ధడాలున వేసినా బాగుండేది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"ఏవండీ, నా పాట బాలేదా?"

"బాగుంది," అన్నాడు వాడు. అక్కడితో ఊరుకోవచ్చుగా! "కాస్త శ్రుతి తప్పుతోంది. అంతే."

"ఓస్, అంతేనా," అని నవ్వేసింది.

మర్నాడు పాట లేదు. ఆ మర్నాడూ లేదు. అలిగిందా అంటే అదీ లేదు. టీ వంచి ఇచ్చింది, వాడి కాలరు ఇస్త్రీ చేసింది, అద్దం దగ్గర మోచేత్తో పొడిచింది. పాట ఒక్కటే లేదు. వంటింట్లో కత్తి చప్పుడు, ఫ్రిజ్ గురగుర, అంతే.

"ఏమ్మా, పాడవేం?" అన్నాను ఉండబట్టలేక.

"గొంతు బాలేదత్తయ్యా."

"మేడమీదావిడతో అంతసేపు వాగినప్పుడు బాగానే ఉందిగా?"

నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఆయన పొద్దస్తమానం శ్రుతి తప్పిన తీగలు వినీ వినీ వస్తారు. ఇంట్లోనైనా ఆ చెవులకు తెరిపి ఉండొద్దూ?"

ఆ మాటలో పిసరంత కోపం లేదు. ఎంత మంచి పిల్ల అనుకున్నాను. ఆ వెంటనే గుండె జారింది. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట ఒకప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

పెళ్ళయిన కొత్తలో నేనూ పాడేదాన్ని. ఓ రోజు పాట సగంలో ఉండగా మా ఆయన, పాపం మంచివాడే, "శ్రుతి పోతోందేమో చూసుకో" అన్నాడు. ఆపేశాను. ఇంక మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆయన పోయి, వినేవాళ్ళెవరూ లేని రోజుల్లో కూడా గొంతు పెగల్లేదు. ఇప్పుడీ పిల్ల కూడా అలాగే అలవాటు పడిపోతుందని నా భయం. మానెయ్యడానికి అలవాటుపడటం ఎంత తేలికో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

వాణ్ణి పట్టుకుని దులిపేశాను.

"నేను మానెయ్యమన్నానా అమ్మా? అడిగింది, చెప్పాను. తనతో అబద్ధం ఆడమంటావా?"

"ఆడరా! నీ సొమ్మేం పోయింది?"

"ఆడలేను." తల దించుకున్నాడు. "ఇల్లు బోసిపోయి నాకూ ఏం తోచడంలేదు. కానీ ఆ స్వరం పక్కకు జరిగితే పంటికింద ఇసుక పడ్డట్టుంటుంది. నేనేం చెయ్యను?"

"మీ నాన్నదీ ఇదే వరస. నా పాట ఎప్పుడైనా విన్నావురా నువ్వు?"

"నువ్వు పాడతావా అమ్మా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"అదే నేను చెప్పేది," అని లేచి వెళ్ళిపోయాను. అక్కడే ఉంటే ఏడ్చేసేదాన్ని.

కొద్దిరోజులకు ఓ సాయంత్రం కుండపోత వాన. ఇంట్లో ఉన్నది ఒకే గొడుగు. "వెళ్ళి నీ పెళ్ళాన్ని తీసుకురా" అని తరిమాను. వెళ్ళాడు. తిరిగొచ్చాడు. ఒక్కడే వచ్చాడు, గొడుగు చంకలోనే ఉంది, పైనుంచి కిందిదాకా తడిసి ముద్దయ్యాడు. బురద బూట్లతో తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌కి చెవి ఆనించాడు.

"ఒరేయ్, నీ పెళ్ళాం ఏదిరా?"

"ష్!"

"నన్నే ష్ అంటావా!"

సంచీలోంచి శ్రుతిదండం తీశాడు. అదేనమ్మా, మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారే, ఆ రెండు కాళ్ళ ఇనుపముక్క. ఒక చెవికి అది, ఇంకో చెవికి ఫ్రిజ్. మతి పోయిందేమోనని నేను నిజంగానే హడలిపోయాను.

"అమ్మా, పాడుతోంది," అన్నాడు.

"ఏది, ఫ్రిజ్జా?"

"తను! లాండ్రీలో. అన్ని యంత్రాలూ ఒకటే స్వరంలో మోగుతున్నాయి, ఆ మోత మీద పాడుతోంది. గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. వెంట్రుకవాసి కూడా తప్పలేదమ్మా!" మళ్ళీ ఫ్రిజ్ మీద చెయ్యి వేశాడు. "మన ఫ్రిజ్‌దీ అదే స్వరం, కరెంటు ఒకటేగా. నా పియానోలో ఆ స్వరం లేదు, రెండు మెట్ల మధ్య పడుతుంది. తను ఇన్నాళ్ళూ ఫ్రిజ్‌తో కలిసి పాడింది. మోటార్ల చప్పుడు చెవిన పడనివ్వకూడదని నాన్న నాకు మొట్టమొదట నేర్పాడు. అందుకే ఈ ఫ్రిజ్‌ని నేనెప్పుడూ విననే లేదు."

అంతలో కోడలు వచ్చింది, నీళ్ళోడుతూ. "గొడుగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఇవ్వకుండా వెళ్ళిపోయారట! మా లాండ్రీవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. ఏం మనిషండీ మీరు?"

వాడు తువ్వాలు తెచ్చి ఆమె జుట్టు తుడుస్తూ, "ఒక్కసారి పాడవా?" అన్నాడు.

"వద్దులెండి," అంది. నవ్వుతూనే అంది. నోటిమాటతో మూతపడిన గొంతు మరో నోటిమాటతో తెరుచుకోదు.

వాడికీ అర్థమైనట్టుంది. ఆదివారం ఆమె లాండ్రీకి వెళ్ళగానే పియానో మూత తీశాడు. వంటింటి తలుపు బార్లా తెరిచి కుర్చీ అడ్డం పెట్టాడు. ఒక్కో తీగా వదులు చేస్తూ ఫ్రిజ్ మోతకు దింపడం మొదలుపెట్టాడు. ఫ్రిజ్ ఊరుకున్నప్పుడల్లా వెళ్ళి తలుపు తీసి పెట్టేవాడు, మోటారు మళ్ళీ తిరగడానికి. నా పాలు విరిగిపోయాయి. ఇంకో రోజైతే వీపు చీరేసేదాన్ని.

"ఇలా చేస్తే ఈ పియానో బయట ఎవరికైనా పనికొస్తుందా?"

"రాదు."

"మీ నాన్న చూస్తే ఏమనేవాడో!"

వాడు పని ఆపలేదు. "నాన్న కూడా చేసి ఉండాల్సిందమ్మా," అన్నాడు.

నేను వెళ్ళి వాడికి పల్చగా టీ పెట్టుకొచ్చాను. చెంచా తిప్పకుండా.

దింపిన తీగలు మళ్ళీ జరుగుతాయట, ఆ వారమంతా సరిచేస్తూనే ఉన్నాడు. వారం చివర ఓ సాయంత్రం కోడలు ఉల్లిపాయలు తరుగుతుంటే, ముందుగదిలో అప్పటి వరుసే వాయించాడు. కత్తి ఆగింది. ఫ్రిజ్ మోగుతోంది. సన్నగా, తనకే తెలియకుండా, కూనిరాగం లేచింది. రాగం కాస్తా పాటైంది. ఉన్నట్టుండి ఆగి, కత్తి పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, ఇవాళ కలిసిందే!"

"కలవదూ మరి? శ్రుతి తప్పింది పియానో. సరిచేశాను."

"నిజం చెప్పండి."

చెప్పాడు. ఆమె నవ్వీ నవ్వీ గుమ్మంలోనే చతికిలబడింది. ఆ కళ్ళనీళ్ళు ఉల్లిపాయల వల్ల కాదని నాకు తెలుసు. "నాకోసం తప్పు శ్రుతి పెట్టుకున్నారా?" అంది. "నీ శ్రుతి పెట్టుకున్నాను," అన్నాడు మావాడు. ఎక్కడ నేర్చుకున్నాడో ఇలాంటి మాటలు, వాళ్ళ నాన్నకు చస్తే వచ్చేవి కావు.

నేను మెల్లగా జారుకోబోయాను. కోడలు చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, మీరూ పాడేవారటగా?"

"వీడు మోశాడన్నమాట! నావల్ల కాదమ్మా, గొంతు తుప్పుపట్టిపోయింది."

వింటేనా? నన్ను లాక్కెళ్ళి ఫ్రిజ్ పక్కన నిలబెట్టి, నా అరచెయ్యి దాని మీద ఆనించింది. "దీన్ని వింటూ ఉండండి, అంతే," అంది. అరచేతి కింద దాని సన్నటి అదురు. ముందుగదిలో వాడు ఒక మెట్టు నొక్కి ఆగాడు, నాకోసం.

నోరు తెరిస్తే ముందు దగ్గొచ్చింది. తర్వాత పాటొచ్చింది. ఎంత శ్రుతిలో ఉందో నాకు తెలియదు. వాడి ముఖం వంక చూశాను, చిట్లించలేదు.

కొత్త పెళ్ళికూతురిగా సగంలో ఆపిన ఆ పాటను చివరిదాకా పాడాను.