బాబాయ్ పట్టిన నీళ్ళు

ప్రతి నెలా బాబాయ్ ఏటి నీళ్ళు సీసాల్లో పట్టి తెస్తాడు, ల్యాబులో ఆమె పరీక్షిస్తుంది. బాబాయ్ పుణ్యమా అని ఆమెకి ఆ ఉద్యోగం వచ్చి మూడు నెలలు. ఆయన మాత్రం ఎనిమిదేళ్ళుగా నీళ్ళు పడుతున్నాడు. ఎనిమిదేళ్ళుగా రిపోర్టూ ఒకటే: నీరు శుభ్రం. వంతెన మీద అందరూ ముక్కు మూసుకుని నడిచే ఊళ్ళో ఈ మాట ఎలా చెల్లిందో! మంచి మాట చెప్పే కాగితాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

ఆ కాగితాల ఆధారంగానే, మురుగు శుద్ధిచేసే ప్లాంటు ఈ ఊరికి అక్కర్లేదని పై ఆఫీసు తేల్చేసింది. శుక్రవారం ఆ నిర్ణయం మీద సంతకాలు.

ఆమెకి మనసొప్పక ఈసారి బాబాయ్ వెంట తనూ బయల్దేరింది. రిజిస్టరు ప్రకారం నీళ్ళు పట్టాల్సింది మురుగుకాలవ ఏట్లో కలిసే చోటికి కాస్త దిగువన. బాబాయ్ ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆ చోటు దాటేశాడు. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ ఇంకో మైలు ఎగువకి నడిచాడు. గులకరాళ్ళ మీద తేటగా పారే చోట వంగి, సీసా రెండుసార్లు కడిగి మరీ నింపాడు.

"ఇక్కడెందుకు బాబాయ్?"

"అక్కడ ఎలా ఉన్నాయో చూశావుగా! పరీక్షకి పంపేవి కాస్త మంచివి చూసి పట్టొద్దూ? మన ఏటికి చెడ్డపేరు రాకూడదనే కదటే అమ్మాయ్, ఇంత దూరం నడిచేది!"

బద్ధకమైతే నాలుగు మాటలు అని ఊరుకునేది. ఇది ప్రేమ, దీన్ని ఏమని తిట్టాలి? ఆమెకి ఒళ్ళూ మండింది, ఏడుపూ వచ్చింది. ఆయన రిటైరవడానికి ఇంకా రెండు నెలలు. నిజం రాస్తే ఇన్నేళ్ళ రిపోర్టులూ ఆయన మెడకి చుట్టుకుంటాయి. రాయకపోతే ప్లాంటు రాదు.

తిరిగొస్తూ అంతా చెప్పేసింది. "నువ్వు బాగుందనిపించావు కాబట్టే ఇంక బాగుచెయ్యక్కర్లేదంటున్నారు, బాబాయ్."

ఆయన టీ కూడా తాగకుండా ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడంతా ఆమె ఉత్తరం రాయడం, చింపెయ్యడం. నీళ్ళు వేరేచోట పట్టారన్నంత వరకూ రాసేది. ఎవరు పట్టారో రాయడానికి చెయ్యాడలేదు.

గురువారం పొద్దున్నే బాబాయ్ వచ్చాడు. మోకాళ్ళదాకా బురద. బల్ల మీద పెట్టిన సీసాలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. దానికి అంటించిన చీటీ మీద ఆయన గుండ్రటి అక్షరాలు: "మురుగుకాలవ దిగువన. ఇక్కడ పట్టడం ఇదే మొదటిసారి. ఇదివరకటివన్నీ నేను ఎగువన పట్టినవే." కింద పూర్తి పేరు, సంతకం.

"ఇది ఫైల్లోకెళ్తే నీ సంగతేంటి బాబాయ్?"

"నా సంగతి తర్వాత. ముందు దీని సంగతి చూడు," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేనిక్కడే ఉంటాను. ఎంత పాడైందో నాక్కూడా తెలియాలి."