మూడో పిలుపు

“అన్నానికి పిలిచే కేక కూడా కళేనా? రేపు నా దగ్గు కూడా పెట్టుకోమను,” అన్నారు మాయి. మా కొంకణి ఇళ్లలో అత్తగారిని అలాగే పిలుస్తాం. పొద్దుటి నుంచీ ఇదే గొడవ.

“దగ్గుకి చోటిస్తారో లేదో అడుగుతాను మాయీ,” అన్నాను, దొండకాయలు చీలుస్తూ.

“నవ్వులాటా? మట్టాంచేరి అంతా వింటుంది. తీసేయమని చెప్పు,” అన్నాడు మా ఆయన రత్నాకర్, పేపరు దించకుండానే.

“పేరు వేయరు నాన్నా, గొంతే,” అంది మా అమ్మాయి నమిత.

కన్నూరు నుంచి వచ్చిన కళాకారిణి జసీల ఈసారి బినాలే కళాప్రదర్శన కోసం మా వెనకవీధిలోని పాత అల్లం గోదాము తీసుకుంది. అక్కడ బొమ్మలుండవు. ఒక్కో మూల స్పీకరులోంచి ఒక్కో ఇంటి ఆడమనిషి గొంతు, తన ఇంటి భాషలో, అన్నానికి పిలుస్తుంది. గుజరాతీ వీధి, చాకిరేవు దగ్గరి తమిళుల ఇళ్లు, ఉర్దూ మాట్లాడే ఇళ్లు, అన్నీ ఇచ్చాయి. నేనూ ఇచ్చాను, ఇంట్లో ఎవరినీ అడగకుండా. అసలు మంట అక్కడే.

ఆ రోజు మైకు ముందు పిలిచాను. వెంటనే రెండోసారి, కాస్త గట్టిగా. మూడోసారి గొంతులో విసుగు దానంతటదే వచ్చేసింది. “ఒక్కసారి చాలు అక్కా,” అంది జసీల నవ్వుతూ. ఒక్కసారి చాలే ఇల్లు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. మూడూ ఉంచమన్నాను. మా ఇంట్లో మొదటి పిలుపు గోడలకి. రెండోదానికి టీవీ గొంతు తగ్గుతుంది. మూడోదానికి కుర్చీ కదులుతుంది. ఈలోగా మా దాళితోయ్ పప్పులో పోపు చల్లారుతుంది. అందరూ తిని లేచాక అడుగు మిగిలిన గిన్నె ముందు నేను కూర్చుంటాను. పెళ్లయిన నాటి నుంచీ వేడి దాళితోయ్ రుచి నాకు ఉప్పు చూడటానికి అరచేతిలో వేసుకున్నంతే.

“సాయంత్రం వచ్చి వినండి. అప్పుడూ వద్దంటే తీసేయిస్తాను,” అన్నాను.

గోదాములో ఇంకా అల్లం వాసనే. ఏ మూల నుంచి గొంతు వస్తే జనం ఆ మూలకి తిరుగుతున్నారు. అంతలో నా గొంతు. రత్నాకర్ పైకప్పు దూలాలు చూస్తున్నాడు. రెండో పిలుపుకి చెవి గోక్కున్నాడు. మూడోది పడగానే, “వస్తున్నానే, వస్తున్నా! ఊరంతా వినాలా?” అని గోడకేసి అరిచి, గబగబా అటు నడిచాడు. పక్కన మాయి అప్పటికే కొంగు దోపుకుని, చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడా అని చూస్తున్నారు.

గోదామంతా గొల్లున నవ్వింది. ఒక గుజరాతీ ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, “మా ఇంట్లోనూ మూడోదానికే!” అంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మాయే.

“తీసేయమననా?” అన్నాను.

“ఉండనీవే,” అన్నారు మాయి నవ్వు ఆపుకోలేక. “వీడికి ఆకలేస్తోందని వీడికే చెప్పేది ఆ మూడో పిలుపొక్కటే.” రత్నాకర్ చెవులు ఎర్రబడ్డాయి గానీ, తనూ నవ్వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం దాళితోయ్‌లో పోపు వేశాను. నా కంచం తీసుకున్నాను, వడ్డించుకున్నాను, కూర్చున్నాను. మొదటి ముద్దకి నాలుక చురుక్కుమంది. హాల్లో ఉన్న ముగ్గురికీ వినపడేలా, అరవకుండానే చెప్పాను:

“నా పిలుపు గోదాములో ఉంది. ఇక ఇంట్లో పిలవను. పోపు చిటపటలు వినపడితే రండి, నేను తింటూ ఉంటాను.”