ముప్పై ఎనిమిది డబ్బాల గది

ఆ ఆదివారం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఆరుగురు. అత్తయ్య, మామయ్య, మామయ్య వాళ్ళమ్మ అయిన మామ్మ, కంపెనీ నుంచి వచ్చిన మేడమ్, ఐదో అంతస్తులో కేకులు చేసి అమ్మే ఆవిడ, అందరికంటే చివర్న, ఎవరు లెక్కపెట్టినా మొదటిసారి లెక్కలోకి రాని మేనకోడలు పిల్ల. మనుషులు కాక చిన్నగదిలో ముప్పై ఎనిమిది పొడి డబ్బాలు. ఆ ఇంట్లో సొంత గది ఉన్నది వాటికి మాత్రమే.

పిల్ల పైచదువుకని పల్లె నుంచి వచ్చి నాలుగు నెలలైంది. రాకముందు అత్తయ్య ఫోన్లో ఆమె నాన్నతో, "చిన్నగది ఖాళీగానే ఉంది అన్నయ్యా, దాని గది దానికుంటుంది" అని చెప్పింది. చెప్పిన వారానికే అత్తయ్య బరువు తగ్గించే పొడి కంపెనీలో చేరింది. పిల్ల పెట్టె ఇంట్లోకి వచ్చేసరికి డబ్బాలు ముందుగా వచ్చి గదిలో కుదురుకున్నాయి. గుమ్మం దాకా అట్టపెట్టెలు పేర్చడంతో ఆ గది తలుపు మూసే వీలు కూడా లేకుండా పోయింది.

"గది నీదేనే, ఎక్కడికీ పోదు. నేను లీడర్‌ని అయిన రోజున ఇవన్నీ నా కింద చేరేవాళ్ళకి వెళ్ళిపోతాయి. అప్పటిదాకా హాల్లో సర్దుకో" అంది అత్తయ్య.

పిల్లకి డైరీ రాసే అలవాటు. హాల్లో రాద్దామంటే మామ్మ సోఫాలోంచి మెడ చాచి, "ఏం రాస్తున్నావ్, నా గురించేనా?" అని అడుగుతుంది. ఇంట్లో గడియ ఉన్న తలుపు బాత్‌రూమ్‌ది ఒక్కటే. అందుకని నీళ్ళ బకెట్ మీద మూత బోర్లించి, దాని మీద కూర్చుని రాసేది. రెండు పేరాలు కాకముందే మామ్మ చేతికర్రతో తలుపు తట్టేది.

"లోపల జరిగేది స్నానమా, పరీక్షా?"

కాబట్టి అత్తయ్య సన్నబడాలని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా కోరుకున్నది అత్తయ్య కాదు, ఆ పిల్ల.

కంపెనీ పద్ధతి ప్రకారం పొద్దున ఒక గ్లాసు పొడి, సాయంత్రం ఒక గ్లాసు పొడి, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరముక్కలు. మొదటిరోజు అత్తయ్య ముక్కు మూసుకుని తాగింది. రెండోరోజు సగం తాగి గ్లాసు పిల్ల చేతిలో పెట్టింది. "చదువుకునే దానివి, ఒంట్లో సత్తువ ఉండాలి. పారబోస్తే పాపం, తాగెయ్." కాదనడానికి నోరు కావాలి. ఆ పిల్లకి నోరు తినడానికీ తాగడానికీ తప్ప మాట్లాడటానికి లేవదు. మూడోరోజు నుంచి ఎవరూ ఎవర్నీ అడగలేదు. గ్లాసులో పొడి కలపడం, సింకు దగ్గర నిలబడి తాగడం, గ్లాసు కడిగి బోర్లించడం, మూడూ పిల్ల పనులే అయ్యాయి.

నాలుగోది కూడా ఆమె పనే. ఫ్రిజ్ తలుపుకి అంటించిన చార్టులో ప్రతి ఆదివారం అత్తయ్య బరువు రాయాలి. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని ఆమెకిచ్చారు. అప్పటినుంచి మామయ్య ఆమెని గుమాస్తా అని పిలవడం మొదలుపెట్టాడు.

విచిత్రమేమిటంటే చార్టులో అంకె నిజంగానే తగ్గుతూ వచ్చింది. ఎనభై రెండు. ఎనభై ఒకటిన్నర. ఎనభై. మూడు నెలలకి డెబ్బై ఐదు. తాగని పొడి ఇంత బాగా పనిచేయడం చూసి మొదట అత్తయ్యే కంగారుపడింది. తర్వాత మెల్లగా నమ్మింది. ఆ పైన పొడి తానే తాగుతున్నానని కూడా నమ్మడం మొదలుపెట్టింది.

"డబ్బా ఇంట్లో ఉంటే చాలేమో, గాలికే పనిచేస్తుంది కాబోలు" అంది మామ్మ.

గుమాస్తాకి అసలు సంగతి తెలుసు. ఐదో అంతస్తు ఆవిడ కేకు చేస్తే అది పొంగి పైన గోపురంలా వస్తుంది. క్రీము పూయాలంటే ఆ గోపురాన్ని పళ్ళున్న కత్తితో సమంగా కోసెయ్యాలి. కోసిన ముక్కలన్నీ ఒక స్టీలు డబ్బాలో పడతాయి. ఆవిణ్ణి తన టీమ్‌లో చేర్చుకోవాలని అత్తయ్య పొడి గురించి చెప్పడానికి పైకి వెళ్ళేది. చెబుతూ చెబుతూ ముక్కలు తినేది. ఆవిడకి ఒక పట్టాన అర్థమయ్యేది కాదు కాబట్టి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చెప్పాల్సి వచ్చేది. ఇంట్లో మాత్రం కూరముక్కలు తప్ప మరొకటి ముట్టేది కాదు.

వీళ్ళది మొదటి అంతస్తు. అక్కడినుంచి ఐదో అంతస్తుకి ఎనభై మెట్లు. లిఫ్టు పాడై మూడు నెలలైంది.

అందులో పెద్ద వింత, మామయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊళ్ళో లిఫ్టులన్నిట్నీ పైకీ కిందికీ పరిగెత్తించే మనిషి. సొంత భవనంలో లిఫ్టు గురించి ఎవరడిగినా మాత్రం, "తలుపు లాకులో చిన్న స్విచ్ పోయిందండీ. తలుపు సరిగ్గా పడిందని అది ఒప్పుకుంటే గానీ లిఫ్టు కదలదు. పార్టు రావాలి" అనేవాడు. ఒకరోజు స్క్రూడ్రైవర్ తెమ్మంటే పిల్ల ఆయన పనిసంచిలో చెయ్యి పెట్టింది. చేతికి చిన్న అట్టపెట్టె తగిలింది. అందులో కొత్త స్విచ్, పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. తల తిప్పేసరికి మామయ్య వెనకే ఉన్నాడు.

"గుమాస్తా, నీకేం కనపడలేదు కదా?"

"లేదు మామయ్యా."

మర్నాడు ఆమెకి కొత్త పెన్ను వచ్చింది.

ఇక ఆ ఆదివారం సంగతి. మేడమ్ వచ్చింది అత్తయ్య విజయాన్ని వీడియో తీయడానికి. అది కంపెనీకి నచ్చితే అత్తయ్య లీడర్. మేడమ్ ఇరవై మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చి, గోడ పట్టుకుని, రెండు నిమిషాలు మాట్లాడలేకపోయింది. మంచినీళ్ళు తాగాక, "ఆరోగ్యమే మహాభాగ్యమని మా కంపెనీ నమ్ముతుందండీ" అని ఒక్కో మాటా ఊపిరి మధ్యలోంచి తీసి ఇచ్చింది.

"కూర్చో తల్లీ, ఆరోగ్యం తర్వాత చెబుదువుగాని" అంది మామ్మ.

సోఫా జరిపారు. ఫోన్‌ని మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టారు. అత్తయ్య తన పాత గౌను వేసుకుని, నడుం దగ్గర గుడ్డ గుప్పిట పట్టి ముందుకి లాగి చూపించింది. గుప్పెడు గుడ్డ నిజంగానే వదులుగా వచ్చింది. కాటా ఎక్కింది. డెబ్బై ఐదు. మేడమ్ చప్పట్లు కొట్టింది. మామయ్య కూడా కొట్టాడు, పైకప్పు వైపు చూస్తూ.

తర్వాత కేకులావిడ వంతు. ఆవిడ ఏప్రాన్ తీసి మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "రోజుకి నాలుగుసార్లు వచ్చి పొడి గురించి చెప్పేవారండీ. ఒక్కరోజు కూడా మానలేదు. ఇంత పట్టుదల నేనెక్కడా చూళ్ళేదు."

"చూశారా, అంకితభావం అంటే ఇదీ" అంది మేడమ్.

చివరికి పిల్ల. ఆమె చెప్పాల్సిన వాక్యం ఒకటే. అత్తయ్య వారం రోజులుగా నేర్పింది. 'రోజూ రెండు పూటలా పొడి నేనే కలిపాను, మా అత్తయ్య ఏడు కిలోలు తగ్గింది.' పిల్ల దాన్ని డైరీలో రాసుకుని చూసుకుంది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆ వాక్యం చివర్న చుక్క పెడితే గది వచ్చేస్తుంది. కిటికీ కింద బల్ల ఎక్కడ వేసుకోవాలో కూడా జానతో కొలుచుకుని పెట్టుకుంది.

ఫోన్ ముందు నిలబడింది. వాక్యం మొత్తం బయటికి వచ్చింది, ఎక్కడా తడబడకుండా. అత్తయ్య ఊపిరి వదిలింది.

మేడమ్‌కి ముచ్చటేసింది. "ఎంత చక్కగా చెప్పావమ్మా. రోజూ కలిపేదానివి కదా, ఎలా ఉంటుందో కూడా ఒక ముక్క చెప్పు."

ఇది నేర్పని ప్రశ్న. బళ్ళో ప్రశ్న అడిగితే తెలిసిన జవాబు చెప్పడం తప్ప ఆ పిల్లకి ఇంకో పద్ధతి తెలియదు.

"మొదట తియ్యగా ఉంటుందండీ. తర్వాత సుద్దముక్క నాకినట్టుంటుంది. చల్లటి నీళ్ళలో ఉండలు కడుతుంది, గోరువెచ్చగా ఉంటే నయం. మూడో వారానికి అలవాటైపోతుంది. సాయంత్రం తాగినప్పుడు మటుకు కాస్త తేన్పులొస్తాయి."

మేడమ్ వేలు చాపి వీడియో ఆపింది.

"నీకెలా తెలుసమ్మా?"

సమాధానం మామ్మ చెప్పింది. "తాగేది అదే కదా. మూడు నెలల నుంచీ తాగుతోంది, పిచ్చిముఖం. దాని స్కర్టు హుక్కు రెండుసార్లు జరిపి కుట్టింది నేనే."

అత్తయ్య మొహంలో నెత్తురు లేదు. మేడమ్ మాత్రం కొంచెం కూడా చలించలేదు. పిల్ల భుజం పట్టి కాటా ఎక్కించింది. నలభై ఎనిమిది.

"వచ్చినప్పుడెంత?"

"నలభై నాలుగండీ." గుమాస్తా కాబట్టి తన అంకె కూడా రాసిపెట్టుకుంది.

"నాలుగు కిలోలు" అంది మేడమ్. ఆమె గొంతులో కోపం లేదు, లాటరీ తగిలిన ఆనందం ఉంది. సంచిలోంచి ఒక స్టిక్కర్ల కట్ట తీసింది. అత్తయ్య డబ్బాల మీద ఉన్నవి ఆకుపచ్చవి, వాటి మీద 'సన్నబడండి' అని ఉంటుంది. ఇవి నారింజ రంగువి, వీటి మీద 'ఒళ్ళు చేయండి' అని ఉంది. "పొడి అదే. బక్కవాళ్ళకి ఈ స్టిక్కర్ వేసి ఇస్తాం. ఒకే ఇంట్లో ఒకరు తగ్గడం, ఒకరు పెరగడం! ఇలాంటి కేసు మా కంపెనీలో ఇంతవరకు రాలేదండీ."

"ఒకే పొడి తగ్గిస్తుందీ పెంచుతుందీ ఏమిటమ్మా?" అంది మామ్మ.

"శరీరానికి ఏం కావాలో పొడికి తెలుస్తుందండీ."

"మా ఆవిడ శరీరానికేం కావాలో ఆవిడ గొంతు దిగకుండానే దానికి తెలిసిపోయినట్టుంది" అన్నాడు మామయ్య. అన్నాక అనకుండా ఉండాల్సిందని అనుకున్నాడు.

అత్తయ్య గిర్రున తిరిగింది. అవమానం కంటే ముందు ఆమెకి అనుమానం వచ్చింది. "అయితే మరి నేనెందుకు తగ్గాను? కడుపు మాడ్చుకున్నానా ఏమన్నానా? నువ్వు చెప్పవే. అన్నీ రాస్తావుగా."

ఆ పిల్ల ఎవరి మొహంలోకీ చూడలేదు. నేలమీద పలకల గీతల్ని చూస్తూ, "మెట్లు అత్తయ్యా" అంది. "రోజుకి నాలుగుసార్లు. ఎక్కడం మూడొందల ఇరవై, దిగడం మూడొందల ఇరవై."

"అయ్యో, ముక్కల డబ్బా ఖాళీ చెయ్యడానికే వస్తున్నారనుకున్నా, వ్యాయామం కోసమా?" అంది కేకులావిడ ఎంతో మర్యాదగా.

అందరి చూపులూ మెల్లగా లిఫ్టు మెకానిక్ మీదికి వెళ్ళాయి. ఆయన గోడవారగా ఉన్న తన పనిసంచిని కాలితో ఇంకొంచెం వెనక్కి నెట్టాడు.

"పార్టు నిన్ననే వచ్చింది" అన్నాడు.

పిల్ల తల ఎత్తలేదు. పెన్ను ఇంకా ఆమె దగ్గరే ఉంది.

ఇక గొడవ మొదలవ్వాలి. మొదలై ఉంటే బాగుండేది కూడా. కానీ మేడమ్ వాచీ చూసుకుని మధ్యలోకి వచ్చింది. "ఇప్పుడివన్నీ ఎందుకండీ. మెట్లని మనం అమ్మలేం కదా. వీడియో మళ్ళీ తీద్దాం. మీరు తగ్గిన కథ ఒకటి, పాప పెరిగిన కథ ఇంకొకటి. రెండు రకాలకీ మీరే లీడర్. రేపే ఇంకో ముప్పై ఎనిమిది డబ్బాలు పంపిస్తాను, నారింజవి."

అత్తయ్య మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఆమె మనసులో లీడర్ అన్న మాట అవమానాన్ని పక్కకి జరిపి కూర్చోవడం అందరికీ కనపడింది.

"అత్తయ్యా, అవెక్కడ పెడతారు?" అంది పిల్ల. ఎవరూ అడగకుండా ఆ ఇంట్లో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"హాల్లో పెడతాను. నీ నెత్తిన పెడతాను. నీకెందుకు?" అంది అత్తయ్య. "నోట్లో నాలుక లేదనుకుని ఇంట్లో పెట్టుకున్నాను. ఉన్న ఒక్క నాలుకా ఇవాళే బయటపెట్టింది."

"నేను రెండో వీడియోలో ఏం చెప్పాలి?"

"నువ్వేం చెప్పనక్కర్లేదు. నీ ఫొటో చాలు. వీడియో అయ్యేదాకా నా కంటికి కనపడకు. మామ్మ దగ్గర కూర్చుంటే ఇద్దరూ కలిసి ఇంకేదో వాగుతారు."

ఎక్కడికి పంపాలా అని అత్తయ్య చుట్టూ చూసింది. వంటింటికి తలుపు లేదు. బాత్‌రూమ్‌లో కేకులావిడ చేతులు కడుక్కుంటోంది. మిగిలింది చిన్నగది. అత్తయ్య గుమ్మంలో ఉన్న అట్టపెట్టెల్ని రెండు చేతులా ఎత్తి హాల్లోకి నెట్టింది. ఏడు కిలోలు తగ్గిన మనిషి, రోజూ మూడొందల ఇరవై మెట్లెక్కే కాళ్ళు. ఆయాసమన్నది లేకుండా నాలుగు పెట్టెలు నిమిషంలో జరిపేసింది. మేడమ్ నోరు తెరుచుకుని చూసింది.

"వెళ్ళు లోపలికి. పిలిచేదాకా బయటికి రాకు."

పిల్ల లోపలికి వెళ్ళింది. కిటికీ కింద, జానతో కొలిచిన చోట, ఒక్క అట్టపెట్టె కూర్చునే ఎత్తులో ఉంది. బయట మామయ్య, "పోనీలే, చిన్నపిల్ల, తలుపెందుకు" అంటున్నాడు. "నువ్వు మాట్లాడకు, నీ లిఫ్టు సంగతి సాయంత్రం చూస్తాను" అంటోంది అత్తయ్య. "అమ్మాయ్, లోపల చదువేనా?" అని మామ్మ సోఫాలోంచి కేకేసింది.

ఆ తలుపు ఎప్పుడూ మూసింది లేదు. సరిగ్గా పడుతుందో లేదో అని నాలుగు నెలలుగా పిల్లకి అనుమానం. అత్తయ్య తలుపు పిడి పట్టుకుని, ఆమె మొహం మీదే ధడాలున లాగింది.

సరిగ్గా పడింది.