నోటితో నడిపిన సాంచె

పాండురంగ్ ఇంట్లో మాట్లాడాలంటే అరవాలి. కింద కరెంటు సాంచెలు తువ్వాళ్లు నేస్తుంటాయి, మీద కాపురం. జోడ్‌భావి పేట్‌లో ఇలాంటి ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. మొగుడూ పెళ్లాల గొడవ పక్కింటికి వినబడదు. అందుకే ఆ గల్లీలో అందరివీ అన్యోన్య దాంపత్యాలే.

ఆయన భార్య అనసూయ సాంచెల పక్కన కూర్చుని తువ్వాళ్లు మడతపెట్టేది. ఆ మోతలో తోచింది అల్లుకుంటూ పైకే పాడుకునేది. ఎవరికీ వినబడదన్న ధైర్యం.

నవరాత్రి మండలికి అధ్యక్షుడిగా ఉండమని పాండురంగ్‌ను అడగడానికి పెద్దమనుషులు వచ్చి కూర్చున్నప్పుడు లైట్ పోయింది. సాంచెలు ఆగాయి. పాట ఆగలేదు.

"ఊపిరాడని ఇంట్ల ఉయ్యాలెక్కడ కట్టుదు... ఉన్ననో లేనో ఎవర్ని అడుగుదు..."

టీ కప్పులు గాల్లో నిలిచిపోయాయి. పాండురంగ్ పరువు కాపాడుకున్నాడు.

"మా ఇంట్ల రేడియోకు కరెంటు అక్కర్లే" అన్నాడు.

అందరూ నవ్వారు. పదవి ఖాయమైంది. అనసూయ నోరు ఆ క్షణమే మూతపడింది.

తర్వాత వండింది, వడ్డించింది, మడతపెట్టింది. పలకలేదు. పాండురంగ్‌కు ముద్ద దిగడం లేదు. తప్పు తనదని తెలుసు కాబట్టి మిక్సీ కొన్నాడు. చీర తెచ్చాడు. తుల్జాపూర్‌లో అమ్మవారి ప్రత్యేక దర్శనం చేయించాడు. క్షమించమని అడగడం ఒక్కటే మిగిలింది గానీ, మరీ అంత దూరం పోవాలా అనుకున్నాడు.

చివరికి అనసూయ మేనకోడలు హర్షదను పుణె నుంచి పిలిపించాడు. మనసు బాగాలేనివాళ్లతో శబ్దాలు చేయించి, కవితలు అల్లించి బాగుచేయడం ఆమె పని.

"మాటలెందుకు మామా. మాటతోనే గదా దెబ్బ తగిలింది. ఒట్టి చప్పుడు చేసినా చాలు అత్తమ్మ."

"పక్కింటోళ్లు అడిగితే యోగా అని చెప్పు."

హర్షద రికార్డు చేసే మైకు పెట్టి సాంచెలు నడిపించింది. అనసూయ కత్తెరతో బల్లను కొట్టింది. తువ్వాలును ఫట్‌మని దులిపింది. పెదాలు కదిలాయి. అంతలో బల్బు వైపు చూసి నోరు మూసుకుంది. మళ్లీ అంతే.

"బల్బు దిక్కు ఎందుకు చూస్తది?" అడిగాడు పాండురంగ్.

"లైట్ మళ్ల పోతదేమోనని. ఈ మోత మీద నమ్మకం లేదు మామా."

పాండురంగ్ వెళ్లి మెయిన్ స్విచ్ తనే ఆపేశాడు. పనివాళ్లు తలలెత్తారు. పాండురంగ్ భార్య వైపు వీపు తిప్పి నేల మీద కూర్చున్నాడు.

"ఖట్-ఖటా-ఖట్. ఖట్-ఖటా-ఖట్."

"సేట్, తబియత్ మంచిగుందా?" అన్నాడు సాంచెలు నడిపే ఎల్లయ్య.

"నడుస్తున్న సాంచెతోని మాట్లాడ్తరా ఎల్లయ్యా. ఖట్-ఖటా-ఖట్."

కిటికీలో మండలి కార్యదర్శి తల కనిపించింది. దాని పక్కన ఇంకో తల. పాండురంగ్ కళ్లు మూసుకున్నాడు గానీ నోరు ఆపలేదు. గొంతు ఎండింది. దగ్గు వస్తే దాన్నీ సాంచె చప్పుడులోనే కలిపేశాడు.

చాలాసేపటికి వీపు వెనక సన్నగా ఏదో మొదలైంది.

మాటలు తెలియడం లేదు. ఒకచోట తన పేరు వచ్చినట్టు అనిపించింది. తిట్టిందో, పిలిచిందో. ఆపితే తెలుస్తుంది.

పాండురంగ్ గొంతు ఇంకొంచెం పెంచాడు.