ఇంటి కోడె

తెల్లవారే సరికి సుబ్బయ్య కొట్టంలో తెల్లావు ఈనింది. దూడ నేల మీద పడింది గానీ కదల్లేదు. సుబ్బయ్య దాని ముక్కులు తుడిచాడు, ఎండుగడ్డితో ఒళ్లంతా రుద్దాడు, వెనక కాళ్లు పట్టుకొని ఎత్తి ఊపాడు. ఆవు మెడ చాచి దూడను నాకుతూనే ఉంది. తాను నాకుతున్నది ప్రాణం లేని ఒంటినని దానికి తెలియదు.

భార్య ఉమామహేశ్వరమ్మ వేడినీళ్ల బిందెతో కొట్టంలోకి అడుగు పెట్టబోయింది. సుబ్బయ్య తల ఎత్తి చూశాడు.

"ఈడికి రాబాకు. ఇంకమీద ఆవు ఈనేటప్పుడు నువ్వు కొట్టం దిక్కుకే రాబాకు. నీ చెయ్యి మంచిది కాదు."

ఆమె బిందె అక్కడే దించి వెనక్కి తిరిగింది. పక్కింటి వాళ్లు విన్నారు. వాళ్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఊళ్లో సగం మంది అనుకునే మాటే అది.

ఆళ్లగడ్డకు దగ్గరి ఆ పల్లెలో సుబ్బయ్యది పాతకాలపు రైతు కుటుంబం. ఉమామహేశ్వరమ్మ అతనికి పరాయి పిల్ల కాదు, సొంత అక్క మహానందమ్మ కూతురు. బడి మాన్పించి మేనమామకే ఇచ్చి పెళ్లి చేశారు. తొలి కాన్పు మగబిడ్డ, పాకడం నేర్వకముందే పోయాడు. తర్వాతి ఆడపిల్ల పురిట్లోనే కన్ను మూసింది. మూడో బిడ్డ నవ్వడం నేర్చి, ఫిట్స్ వచ్చి, నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే తల్లి ఒడిలో చల్లబడింది. నాలుగో కాన్పులో పుట్టిన గీతాంజలి ఒక్కతే దక్కింది.

"పాపిష్టి కడుపు" అన్నది అత్త. ఆ అత్త వేరే ఎవరో కాదు, చిన్నప్పుడు ఉమామహేశ్వరమ్మను ఒళ్లో పెట్టుకొని పెంచిన అమ్మమ్మే. కన్నతల్లి మహానందమ్మ ఆ మాట విని కూడా నోరు మెదపలేదు. అప్పటి నుంచి సీమంతంలో గాజులు తొడగడానికి గానీ, పసిబిడ్డను ఉయ్యాలలో వేయడానికి గానీ ఉమామహేశ్వరమ్మను ఎవరూ పిలవలేదు. ఒకరిద్దరు పిలిచినా ఆమే పోయేది కాదు. నలుగురూ ఏళ్ల తరబడి అంటూ వచ్చిన మాటను ఆమె కూడా నమ్మింది. మన ఇళ్లలో ఇలా మౌనంగా శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో మనం ఏనాడైనా ఆలోచించామా?

సుబ్బయ్యకు పొలం కన్నా పశువులంటే ప్రాణం. అతని కోడె బండలాగుడు పోటీల్లో చుట్టుపక్కల పేరు మోసింది. దాని తండ్రి, తాత కూడా ఆ కొట్టంలో పుట్టినవే. ఆ రక్తం బయటికి పోకూడదనీ, బయటి రక్తం అందులో కలవకూడదనీ అతని పంతం. ఎదకొచ్చిన ఆవులన్నింటినీ ఆ కోడెకే దాటించేవాడు. దాని కూతుళ్లు ఎదిగితే వాటినీ దానికే దాటించేవాడు. "ఇంటి కోడె ఉండంగా ఇంకో ఊరి కోడె ఏంటికప్పా?" అని నవ్వేవాడు. కొన్నేళ్లుగా ఆవులు చూడి నిలవడం కష్టమైంది. నిలిచినా దూడలు బలహీనంగా పుడుతున్నాయి. ఈ ఏడాది పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోతున్నాయి. దిష్టి తీశాడు, కొట్టం చుట్టూ నిమ్మకాయలు కట్టాడు. చివరికి భార్య చేతి మీద నెపం వేశాడు.

ఆ వారంలోనే నంద్యాల వైపు నుంచి పశు పరిశోధకురాలు డాక్టర్ సాయిశ్రీ వచ్చింది. బనగానపల్లె పిల్ల, ముప్పై దాటి ఉండవు. ఒంగోలు జాతి పశువుల మేత, సంతానం, ఎదుగుదల మీద జిల్లా అంతా తిరిగి పరిశోధన చేస్తోంది. ఆవులను ఒక్కొక్కటిగా నిమిరి చూసింది. జొన్నచొప్ప, ఉలవలు, వేరుశనగ చెక్క ఏ పాళ్లలో పెడుతున్నారో అడిగింది. ఖనిజ లవణాల పొడి వాడుతున్నారని తెలిసి సంతోషించింది. దూడలు పోతున్న సంగతి కూడా సుబ్బయ్య నోటే విన్నది.

"మేపులో వంక పెట్టేదేం లేదు సుబ్బయ్యన్నా. ఇంత బాగా మేపేవాళ్లు తక్కువ. మరి ఈ ఆవులకు తండ్రి ఏది?"

సుబ్బయ్య గర్వంగా కోడెను చూపించాడు.

"సచ్చిపోయిన దూడలకు తండ్రి?"

"అదే గదమ్మా. మా ఇంట్ల ఇంకోటి యాడుండాది?"

సాయిశ్రీ ఆ మాట పుస్తకంలో రాసుకుంది. పశువుల నుంచి రక్తం నమూనాలు తీసుకొని వెళ్లింది. కొన్ని వారాల తర్వాత పరీక్షల ఫలితం చెప్పడానికి మళ్లీ వచ్చి, కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుంది. ఉమామహేశ్వరమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, స్తంభం పక్కన నిలబడింది.

"అన్నా, ప్రతి ప్రాణిలో ఏదో ఒక లోపం దాగి ఉంటాది. నాలో ఉంటాది, మీలో ఉంటాది. బిడ్డకు సగం తండ్రి నుంచి వస్తాది, సగం తల్లి నుంచి. లోపం ఒక్క వైపు నుంచే వస్తే, రెండో వైపు నుంచి వచ్చిన మంచి దాన్ని కప్పేస్తాది. తల్లీ తండ్రీ ఒకే రక్తమైతే ఆ లోపం రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు కప్పేదానికి ఏమీ మిగలదు. మీ మందలో తరతరాలుగా అదే జరిగింది. దూడలు పోయేదానికి అదొక్కటే కారణమని నూటికి నూరు పాళ్లు చెప్పలేను గానీ, పరీక్షలన్నీ అటే చూపిస్తాండాయి."

"అంటే నా ఆవుల్లో దోషమా?" సుబ్బయ్య కొట్టం వైపు తిరిగాడు.

"ఆవుది తప్పు కాదన్నా. దాని కడుపులో ఏ దోషమూ లేదు. వేరే రక్తం కోడెకు దాటించండి, లేదంటే వేరే కోడె వీర్యంతో సూది వేయించండి. దూడలు ఎట్ల పుడతాయో మీరే చూస్తారు."

సుబ్బయ్య లేచి వెళ్లి కోడె గంగడోలు నిమిరాడు. నేల దున్నే మనిషి కాబట్టి విత్తనం సంగతి అతనికి తెలుసు. "సరేనమ్మా, సూదే వేయిస్తా. కోడెను బండలాగుడుకు పెట్టుకుంటా" అన్నాడు.

స్తంభం పక్కన నిలబడిన ఉమామహేశ్వరమ్మకు ఆ తర్వాతి మాటలేవీ వినిపించలేదు. కడుపులో ఏ దోషమూ లేదు. ఆ ఒక్క మాటే చెవుల్లో తిరుగుతోంది. సాయిశ్రీ జీపు ఎక్కబోతుంటే ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వెంట పడింది.

"మేడమ్, ఒక మాట. ఇదంతా గొడ్లకేనా, మనుషులక్కూడా ఇంతేనా?"

సాయిశ్రీ ఆమె ముఖం చూసి, జీపు ఎక్కకుండా తలుపు మూసేసింది. "ఏందమ్మా సంగతి?"

ఉమామహేశ్వరమ్మ ఎవరికీ చెప్పుకోని కథ రోడ్డు మీద నిలబడే చెప్పింది. మేనమామ పెళ్లి, పోయిన ముగ్గురు బిడ్డలు. ఇప్పుడు గీతాంజలిని తన తమ్ముడు ప్రవీణ్‌కే ఇవ్వాలని తల్లి మహానందమ్మ తాంబూలాలకు ముహూర్తం పెట్టించిన సంగతి కూడా చెప్పింది.

"అమ్మా, నేను పశువుల డాక్టర్ని. మీ బిడ్డలు ఎందుకు పోయినారో నేను చెప్పకూడదు, చెప్పలేను. కానీ ప్రకృతికి మనిషని, గొడ్డని తేడా లేదు. దగ్గరి రక్తంలో పెళ్లి చేసుకున్న వాళ్లందరికీ ఇట్ల కాదు. ముప్పు మాత్రం పెరుగుతాది. తరం తరం అదే పని చేస్తే ఇంకా పెరుగుతాది. కర్నూలు పెద్దాసుపత్రిలో దీని గురించి చెప్పే డాక్టర్లు ఉంటారు. తాంబూలాలకు ముందే పాపను తీసుకొని పోండి." సాయిశ్రీ ఒక క్షణం ఆగి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్కటి మాత్రం చెప్తా. అది మీ తప్పు కాదు."

ఆ చెయ్యి మంచిది కాదని ఊరంతా అన్నది. దాన్ని ఇంకొకరు అలా పట్టుకొని ఎన్నేళ్లయిందో ఉమామహేశ్వరమ్మకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె భర్తతో ఆ మాట ఎత్తింది. సుబ్బయ్య ముద్ద వదిలేశాడు.

"గొడ్లకూ మనుషులకూ పోలికేందే? మా తాతల కాడి నుంచీ మేనరికాలే. అందరూ సచ్చినారా?"

"అందరూ సావలేదు మామా. నా ముగ్గురు సచ్చినారు."

"అక్కకు మాటిచ్చినా. పొలం, ఇల్లు బయటోళ్ల పాలు కావల్లనా? మా అమ్మ బతికుంటే నీ నోరు లేసేదా?"

"ఆవులకు రక్తం మారుస్తానన్న్యావు. బిడ్డకాడికి వచ్చేసరికి ఏమాయ మామా?"

సుబ్బయ్య కంచం తోసేసి లేచిపోయాడు. గీతాంజలి వంటింటి గడపలో నిలబడి అంతా వింది. నంద్యాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న పిల్ల ఆమె. మరుసటి వారం తల్లిని వెంటబెట్టుకొని కర్నూలు బస్సెక్కింది. అక్కడి డాక్టరు ఓపికగా ఇంటి సంబంధాలన్నీ అడిగి తెలుసుకున్నాడు. పుట్టబోయే బిడ్డకు కచ్చితంగా కీడు జరుగుతుందని చెప్పలేను, జరగదని ధైర్యమూ చెప్పలేను, మీ ఇంట్లో ముప్పు మామూలు కన్నా చాలా ఎక్కువ అన్నాడు. తిరుగు బస్సులో గీతాంజలి తల్లి వైపు తిరిగింది.

"ప్రవీణ్ మామంటే నాకు ఇష్టం లేక కాదమ్మా. నాకు సైకిల్ నేర్పిందే ఆయన. కానీ నువ్వు పడిందంతా నేనూ పడాల్నేమో అని భయమైతాండాది."

ఉమామహేశ్వరమ్మ కూతురి తలను భుజానికి ఆనించుకుంది. అప్పుడే ఆమె మనసులో ఒక నిర్ణయం గట్టిపడింది.

తాంబూలాల రోజు ఆళ్లగడ్డలోని మహానందమ్మ ఇల్లు బంధువులతో నిండిపోయింది. వీధి చివర శిల్పుల కొట్టాల్లో ఉలి చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ప్రవీణ్ కొత్త చొక్కాలో గోడ వారగా కూర్చున్నాడు. మహానందమ్మ చీర, పసుపు, కుంకుమ, ఆకువక్కలున్న పళ్లెం ఎత్తి మనవరాలికి అందించబోయింది. ఉమామహేశ్వరమ్మ లేచి ఆ పళ్లెం మీద చెయ్యి పెట్టింది.

"ఆగమ్మా. ఈ పెండ్లి వద్దు."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. సుబ్బయ్య సగం లేచాడు. మహానందమ్మ ముఖం ఎర్రబడింది.

"ఏందే నువ్వనేది? నా కొడుకులో ఏం తక్కువైంది?"

"నా తమ్ముడు బంగారం. వాడికి బయట మంచి పిల్లను నేనే తెస్తా. నా బిడ్డను మాత్రం ఇయ్యను. నాది పాపిష్టి కడుపన్నారు, నా చెయ్యి మంచిది కాదన్నారు. నిజమే అనుకోని బతికినా. ఆవుకు దూడలు దక్కకపోతే, డాక్టరమ్మ వచ్చి రక్తం చూసి, ఆవుది తప్పు కాదు, ఒకే రక్తం కలపడమే తప్పు అని చెప్పింది. నా బిడ్డలు పోతే రక్తం చూసినోళ్లు లేరు, కారణం అడిగినోళ్లు లేరు. నన్ను తిట్టి ఊరుకున్నారు. కర్నూలు డాక్టరు గూడా ఈ సంబంధంలో ముప్పుందని చెప్పినాడమ్మా. తెలిసి తెలిసి నా బిడ్డను ఆ బాధలోకి తోయలేను."

ఎవరో పెద్దాయన "ఆడోళ్లు మాట్లాడేదేందప్పా సభలో?" అన్నాడు. ప్రవీణ్ లేచి నిలబడ్డాడు. "మా అక్క మాట్లాడనీ చిన్నాయనా. అక్క మూడో బిడ్డను పూడ్చిపెట్టిన రోజు నేను ఆడనే ఉండా. నాకూ ఈ పెండ్లి వద్దు" అన్నాడు.

మహానందమ్మ పళ్లెం కింద పెట్టింది. కోపంతో అరుస్తుందనే అందరూ అనుకున్నారు. ఆమె మెల్లగా చాప మీద కూర్చుండిపోయింది. డెబ్బై ఏళ్ల ఆ మనిషి కూతురి ముఖంలోకి చూసింది.

"ఉమా, నీకు ముందు నాకు ఇద్దరు పుట్టి పోయినారు. నీకు చెప్పల్యా. మీ నాయన నాకు మేనబావ. నన్నూ మా అత్త అదే మాటనింది. నీ బిడ్డలు పోయినప్పుడు, నా పాపమే నీకు తగిలిందనుకోని నోరు మూసుకున్యా." ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది. "అయితే నా బిడ్డలు పోయింది నా పాపం కాదా?"

"కాదమ్మా" అంది ఉమామహేశ్వరమ్మ. తల్లి పక్కన కూర్చొని ఆమెను దగ్గరికి తీసుకుంది. "నీదీ కాదు, నాదీ కాదు."

తల్లీకూతుళ్లిద్దరూ ఏడ్చారు. వాళ్ల బిడ్డల కోసం వాళ్లు సిగ్గుపడకుండా ఏడవడం అదే మొదటిసారి. వచ్చినవాళ్లలో కొందరు భోంచేయకుండానే వెళ్లిపోయారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మాత్రం ఉమామహేశ్వరమ్మ దగ్గరికి వచ్చి, కర్నూలులో ఆ డాక్టరు ఎక్కడ ఉంటాడని మెల్లగా అడిగారు.

సుబ్బయ్య సాయంత్రం ఆటో పిలిచాడు. ఊరికి తిరిగి పోయే ఆటోలో, పల్లె పొలిమేర దగ్గరపడుతుండగా, భార్య వైపు చూడకుండానే "నిన్ను ఆ మాటలు అనకుండా ఉండాల్సింది" అన్నాడు. పోయిన ఏళ్లకు ఆ ఒక్క మాట చాలదు. కానీ అతని నోట ఆ మాటైనా రావడానికి అన్నేళ్లూ పట్టింది.

సంబంధం కలుపుకొనే ముందు రెండు వైపులా రక్తం ఎంత దగ్గరో చూసుకోవడం మన బాధ్యత. బిడ్డ పోయిన తల్లిని నిందించడం మాత్రం ఏ ఆచారం పేరుతో చేసినా నేరమే.